ఒక మనిషి తక్కువ

2006. దుబాయ్, దేరాలో నైఫ్ వెనక వీధి. పదకొండు దీవులు కలిసి ఒక దేశమైన మిలావా, తన జనాభా లెక్కల ఫారాలను కంప్యూటర్లోకి ఎక్కించే పని ఇక్కడి ఒక చిన్న ఆఫీసుకు అప్పగించింది. ఐదు నెలల ఆ పనికి ఇదే ఆఖరి రోజు, మధ్యాహ్నం భోజనాల వేళ. ఆఫీసు యజమాని వేణుగోపాలరావు తన గదిలో ఉన్నాడు, మిగతా అందరూ కిందికి దిగిపోయారు. సూపర్‌వైజర్ కాత్యాయని మాత్రం ఆకలి సంగతి మరిచి, ఒకే ఒక్క ఫారం పట్టుకుని షాహీదా కుర్చీ పక్కన నిలబడింది. లెక్క కుదరకపోతే ఆవిడకు అన్నం సయించదు.

"నేనడిగేది ఒక్కటే షాహీదా. ఈ ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురు మేడమ్."

"ఫారం చూసి చెప్పు."

"చూసే చెప్తాండా. ముగ్గురు."

"నాలుగు వరసలు నింపి ఉన్నాయి, నా కళ్లకి కనబడుతున్నాయి. తహ్మీనా నలుగుర్ని ఎక్కించింది, నువ్వు ముగ్గుర్ని ఎక్కించేవు. ఒకే ఫారం ఇద్దరి చేత కొట్టించేది ఎందుకు? ఇలాంటివి పట్టుకోడానికే కదా. పొద్దున్న నీకు తిప్పి పంపేను, మళ్లీ ముగ్గురే. పదకొండింటికి ఇంకోసారి పంపేను, మళ్లీ ముగ్గురే."

"తహ్మీనా తప్పు కొట్టింటాది."

"తహ్మీనా కొత్తపిల్ల, తప్పులు కొడుతుంది. ఈసారి మాత్రం కొట్టలేదు. నువ్వు మూడు వేల ఫారాలు ఎక్కించేవు, నీ కట్టల్లో నాకు ఒక్క తప్పు దొరకలేదు. అలాంటిదానివి ఇంటి యజమానినే ఎగరగొట్టేవు. పెళ్లాం ఉంది, ఇద్దరు పిల్లలున్నారు, మొగుడు లేడు."

"కొందరి ఇండ్లల్లో మొగుడు ఉండడు మేడమ్."

"ఈ ఇంట్లో ఉన్నాడు. మొదటి వరస వాడిదే. పేరుంది, వయసుంది, అడుగున సంతకం ఉంది."

"సంతకం ఉంటే బతికున్నట్టేనా?"

"అదేం మాట?"

"ఏం లేదు. మీరు తినేసి రాండి. వచ్చినంక చూద్దాం."

"రెండున్నరకి కొరియరు వాడొస్తే ఇంకేం చూస్తాం? జ్వరంగా ఉందా నీకు? కళ్లు అలా ఉన్నాయేంటి?"

"జ్వరం లేదు."

"అమ్మా కాత్యాయనీ."

"ఆఁ, వేణుగోపాలరావు గారూ. ఇక్కడే ఉన్నానండీ."

"కట్టలన్నీ పెట్టెల్లోకి చేరాయా? మిలావా వాళ్లకి ఫోన్లో మొత్తం జనాభా చెప్పేశాను. ఎనభై ఒక్క వేల నాలుగు వందల పన్నెండు. అంతే కదా?"

"అంతేనండీ."

"పసుపు చీటీ ఒక్కటి కూడా లేదని చెప్పాను. వాళ్ల ముదీర్, అదే డైరెక్టరు, మురిసిపోయాడు. ఇంత శుభ్రంగా ఎవరూ చేసి ఇవ్వలేదన్నాడు. నా మాట నిలబెట్టాలి నువ్వు. నీ మీద భరోసాతోనే కోశాను ఆ కోతలన్నీ."

"రెండు నిమిషాల్లో ఐపోతుందండీ."

"షాహీదా, నువ్వు తినలేదా? వెళ్లి తిను తల్లీ."

"తింటా సార్."

"వెళ్లిపోయారు. విన్నావు కదా, పన్నెండు అని చెప్పేశారు. నీ ముగ్గురి లెక్క ఒప్పుకుంటే పదకొండు అవుతుంది."

"ఒక మనిషి తక్కువైతే దేశం మునిగిపోతాదా మేడమ్?"

"చిన్న దేశమే అది. అందులో ఒక దీవిలో ఉన్నది ముప్పై ఏడుగురు. అక్కడ ఒక్కడు తగ్గితే వాళ్ల బడి మూసేస్తారు, పడవ రావడం మానేస్తుంది. నేనా దేశం చూడలేదు, చూడను కూడా. కానీ ఏ ఇంట్లో ఎన్ని గదులున్నాయో, ఏ ముసలమ్మకి కళ్లు కనబడవో నాకు తెలుసు. నూరుమంది ఆడవాళ్లకి తొంభై మంది మగవాళ్లే ఉన్నారని తెలుసు. పడవల మీద పోయినవాళ్లు పోయినట్టే ఉంటారట, పాపం."

"అందుకే పోయింటాడు. మొగోళ్లకు గిరాకీ ఉండే తావు చూసుకోని."

"ఎవడు?"

"ఎవడైతే ఏం లే."

"షాహీదా, నువ్విలా మొండికేస్తే నేను పసుపు చీటీ పెట్టాల్సొస్తుంది. చీటీ అంటే ఏంటో తెలుసా?"

"తెల్దు. నాకెప్పుడూ రాల్యా గదా."

"ఎవరికీ రాలేదు, నేను రానివ్వలేదు. చీటీ కుట్టిన ఫారం మళ్లీ ఆ దీవికెళ్తుంది. లెక్కలాయన ఆ ఇంటికెళ్లి ఇంట్లోవాళ్లందర్నీ కూర్చోబెట్టాలి. ఇరుగుపొరుగు వాళ్లని ఇద్దర్ని సాక్ష్యానికి పిలవాలి. చీటీలో ఏముందో పైకి చదవాలి. సగం మందికి చదువు రాదని వాళ్లు పెట్టుకున్న పద్ధతి అది. ఆ పెద్దమనిషి అందరి ముందూ జవాబు చెప్పి, మళ్లీ సంతకం పెట్టాలి. నువ్వు చేసిన తప్పుకి ఎవరిదో పరువు వీధిలో పెట్టడం ఎందుకని, ఐదు నెలల్లో నేను ఒక్క చీటీ కూడా రాయలేదు."

"మంచిదే మేడమ్."

"కాబట్టి లే. నలుగురని నేనే కొట్టేస్తాను. సూపర్‌వైజర్ కొడితే ఇంక అదే ఖలాస్. జరుగు."

"వద్దు."

"వద్దేంటి?"

"వద్దక్కా. నీ కాళ్లు పట్టుకుంటా. వాని పేరు కొట్టొద్దు."

"ఐదు నెలల్నించీ మేడమ్, మేడమ్ అనేదానివి. ఇప్పుడు అక్కనయ్యేను. చెప్పు, ఎవడు వీడు?"

"షేక్ కరీముల్లా. ముప్పై ఎనిమిదేండ్లు. ఏసీ మెకానిక్. పుట్టింది రాయచోటి, కడప జిల్లా."

"ఫారం నా చేతిలో ఉంది. నువ్వు చూడకుండా చెప్తున్నావు."

"నా నిఖానామాలో, పెండ్లి కాగితంలో ఉండే పేరక్కా. చూసేది ఏముంది?"

"మీ ఆయన పోయాడు కదా. ఉద్యోగంలో చేరినప్పుడు నువ్వే రాసేవు, భర్త లేడు అని."

"పోయినాడనే చెప్పినారు. తొంభై తొమ్మిదిలో. వాని గదిలో ఉండినాయన ఫోన్ చేసినాడు, ఈ నైఫ్ నించే. లాంచీలో ఏసీ బిగించేదానికి పోయినాడంట, నడిసముద్రంలో లాంచీ మునిగిందంట, మనిషి దొరకల్యాంట. నెలకు పార్సిల్ వచ్చె. రెండు చొక్కాలు, ఒక గడియారం. ఆ గడియారం తిరుగుతానే ఉండె."

"ఊఁ."

"మెడలో నల్లపూసలు మా అత్తే తెంపింది. నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో కూచున్నా. వాకిలి దాటల్యా. ఒళ్లో పది నెలల బిడ్డ. ఏడ్చి ఏడ్చి పాలు ఎండిపాయె. ఏటా వాని పేరు మీద ఫాతిహా చేయిస్తి. ఏడేండ్లు. ఇప్పుడు చూస్తే వాడు ఇల్లు కట్టుకోని, మూడు గదులంట, ఫ్రిజ్జు ఉండాదంట, పడవ ఒకటి సొంతానికి ఉండాదంట. నేనే టైపు కొట్టాల్నంట ఇదంతా."

"ఆగు. ఆగు షాహీదా. ఒక్కమాట విను. కరీముల్లాలు ఎంతమంది ఉండరు? రాయచోటిలోనే పది మంది ఉంటారు. ఏసీ మెకానిక్కులూ ఉంటారు."

"సంతకం చూసినావా?"

"చూసేను, ఉంది."

"ఉండాది సరే. ఏ భాషలో ఉండాది?"

"తెలుగులో."

"ఎనభై ఒక్క వేల మందిలో తెలుగులో చేవ్రాలు చేసినోడు ఒక్కడే అక్కా. మూడు వేల ఫారాలు కొట్టినా, నాకు ఇంకోటి కనపడల్యా. నీకు కనపడిందా?"

"లేదు."

"పేరు చివర ముల్లా కాడ ల ఒత్తు తోక కిందికి గుంజి, దాని పక్కన రెండు చుక్కలు పెడతాడు. నిఖా నాడు నేనే అడిగితి, ఆ చుక్కలెందుకని. ఒకటి నువ్వు, ఒకటి నేను అన్యాడు. ఈడ కూడా పెట్టినాడు చూడు రెండు. సిగ్గు లేనోడు."

"నీకిది ఎప్పుడు దొరికింది?"

"నిన్న సాయంత్రం. రాత్రంతా కరామాలో నా గదిలో గోడ చూస్తా కూచున్నా. పొద్దున్నే వచ్చి ముగ్గురని కొట్టినా."

"ఫోన్ చేసినాయన్ని అడగాల్సింది నువ్వు. గదిలో ఉన్నాయన్ని."

"మూడేండ్ల కిందట దుబాయ్‌లో దిగిన వారానికే పోయినా. ఆ గది ఈ వీధిలోనే. వాడు ఎట్ల పోయినాడో చెప్పు భాయ్, చివరి మాట ఏమన్యాడో చెప్పు అని అడిగినా. ఆయన తలెత్తి నన్ను చూడల్యా. పాపం, దోస్తు పోయిన బాధ అనుకుంటి. బిర్యానీ చేసి తీసకపోయి ఇచ్చినా ఆయనకు. తిన్యాడు."

"దరిద్రుడు."

"వాడు సచ్చినాడని ఒప్పుకునేదానికి నాకు ఏడేండ్లు పట్టిందక్కా. సచ్చినోడు జనాభా లెక్కలోకి ఎట్ల వస్తాడు? రాకూడదు. వాణ్ని నేను రానీను. నేను ఇద్దత్ కూచున్న మొగుడు వాడు, వాడు సచ్చినోడే. నేను సంపినా అనుకో."

"అనుకుందాం. నువ్వు ముగ్గురని కొట్టేవు, నేను సరే అన్నాను. పదకొండు అయింది. దాంతో వాడికేం పోయింది?"

"లెక్కలో ఉండడు గదా."

"లెక్కలో లేకపోతే వాడికి అన్నం దిగదా? ఇవాళ సాయంత్రం పడవేసుకుని చేపలకి వెళ్లడం మానేస్తాడా? అసలు తనని ఎవరో లెక్కలోంచి తీసేశారని వాడికి తెలిస్తే కదా. నువ్వు ఇక్కడ పళ్లు కొరుక్కుంటావు, వాడక్కడ నవ్వుకుంటూ ఉంటాడు. ఇదేం పగ?"

"నాకు చేతనైన పగ ఇది. పోయి గొంతు కొరికేంత దూరంలో లేడు. నా చేతిలో ఉండేది ఈ కీబోర్డు ఒకటే."

"ఆ మరియం ఏం చేసింది, రెండో వరసలో ఉన్నావిడ? ఆవిడకి మొగుడు లేడని రాసేస్తున్నావు నువ్వు."

"నేనేం చేసినా? నాకు మొగుడు లేడని వాడు రాయించల్యా?"

"నిజమేలే. కానీ నా చేత తప్పు లెక్క పంపించకు. అంతే అడుగుతున్నాను. ఇరవై రెండేళ్లు చేసేనీ పని. కాకినాడలో మొదలుపెట్టినప్పట్నించీ తప్పని తెలిసి ఒక్క కాగితం నా బల్ల దాటించలేదు. అక్కా అన్నావు కాబట్టి చెప్తున్నాను. నీ బాధ నాకు అర్థమైంది. కానీ ఫారం ఎలా ఉంటే అలాగే ఎక్కించాలి."

"ఎట్లుంటే అట్లనా?"

"అలాగే."

"అయితే కొట్టుకో. నేను లేస్తా."

"ఉండు. వెనక పేజీ కూడా కొట్టేవా నువ్వు?"

"వెనకేం లేదు."

"ఎందుకుండదు? బయటి దేశంలో పుట్టినవాళ్లకి వెనక గడులుంటాయి. తహ్మీనా వాటిని కొట్టలేదు, నాకు ఇందాక తట్టలేదు. ఏదీ, తియ్యి."

"ఏం లేదక్కా, వదిలేయి."

"లేకపోతే చెయ్యెందుకు అడ్డం పెట్టేవు?"

"చూడొద్దు."

"ఫారం చిరుగుతుంది షాహీదా. చెయ్యి తియ్యి. తియ్యమ్మా. ఆఁ. పద్దెనిమిదో గడి, ఈ దేశానికి వచ్చిన ఏడు. పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది. పంతొమ్మిదో గడి, ఇంతకు ముందు పెళ్లయిందా. అయింది. అబ్బో, ఒప్పుకున్నాడు. ఇరవయ్యో గడి, ఆ భార్య ఏమైంది..."

"సదువు."

"ఏంటిది?"

"పైకి సదువక్కా. నేను పందొమ్మిదిసార్లు సదివినా, నాకేం కాలే."

"మరణించింది."

"ఇంకా ఉండాది."

"ఇరవై ఒకటి. ఆ భార్యకి పుట్టిన పిల్లలు, ఒకరు. ఇరవై రెండు. వాళ్లలో బతికున్నవాళ్లు..."

"ఎంతమంది?"

"సున్నా వేశాడు."

"సున్నా చుట్టూ గట్టిగా దిద్దినాడు చూడు, ఎవరూ మార్చకుండా. నన్ను సంపితే సంపినాడులే. రాయచోటిలో మా అమ్మకాడ నా బిడ్డ మూడో తరగతి సదువుతా ఉండాది. పోయిన జుమ్మా నాడు ఫోన్లో అడిగింది, అమ్మీ, నాయన ఫోటోలో మీసం ఉండాది గదా, సముద్రంలో తడిసిపోయింటాదా అని. దానికి ఇప్పుడు నేనేం చెప్పాల?"

"పాప పేరేంటి? ఎప్పుడూ అడగలేదు నిన్ను."

"ముందు పేజీ తిప్పు. మూడో వరస సదువు."

"మూడో వరస, కూతురు. ఐదేళ్లు. పేరు సనోబర్."

"నా బిడ్డ పేరు అదే."

"రెండో పిల్లకీ అదే పేరు పెట్టేడా?"

"వాని అమ్మ పేరక్కా అది, మా అత్తది. మా అత్తోళ్ల ఇంట్లో దాదీ పేరు ఒక బిడ్డకే పెడతారు. ఆ బిడ్డ మన్నయిపోతే తప్ప ఆ పేరు ఇంకో బిడ్డకు రాదు. మా ఆడబిడ్డ కూతురికి పెడతామంటే మా అత్త ఒప్పుకోల్యా. నా బిడ్డ సనోబర్ బతికుండంగా ఇంకో సనోబర్ ఏందని కొట్లాడింది. ఆయమ్మ కొడుకు ఇట్ల జేసినాడు. కాగితం మీద సంపినాడు, పేరు కూడా గుంజుకోని దానికి ఇచ్చినాడు."

"పేరు కూడానా?"

"ఎందుకక్కా అట్ల నిలబడినావు? కూచో."

"మా అమ్మాయి తన్మయి కూడా మూడో తరగతే. ఇది ముందే ఎందుకు చెప్పలేదు నువ్వు? పొద్దుణ్నించీ నిన్ను తిడుతున్నాను."

"నోరు రాల్యా. నా బిడ్డ సచ్చిందని నా నోటితో ఎట్ల చెప్పాల? నా చేత్తో ఎట్ల కొట్టాల? వాణ్ని ఎక్కిస్తే ఈ గడులు కూడా ఎక్కించాల గదా. సున్నా అని కొట్టాల గదా. అందుకే మనిషినే లేపేసినా."

"అంటే నువ్వు వాణ్ని చంపడానికి కాదు, పిల్లని..."

"రెండూ. రెండూ అనుకో. వాడు సావాల, నా బిడ్డ సావకూడదు. అంతే నాకు తెలిసింది."

"టైమెంతయింది?"

"రెండు దాటింది. నువ్వు తినలే. పో, కొట్టేసి పో. నేను లేస్తాండా."

"కూర్చో. కదలకు. ఆ కింది సొరుగు లాగు."

"ఏం కావాల?"

"పసుపు చీటీల కట్ట. కాగితం చుట్టి ఉంటుంది, ఐదు నెలలుగా విప్పలేదు. ఆఁ, అదే. ఇలా ఇయ్యి."

"అక్కా, సార్ మాట ఇచ్చినాడు. ఒక్క చీటీ లేదని."

"ఆయనిచ్చిన మాట ఆయనే చూసుకుంటాడు. నేను ఇవ్వలేదు."

"నీ ఉద్యోగం..."

"తప్పు కాగితం నా బల్ల దాటదని ఇందాకే చెప్పేను కదా. ఇది తప్పు కాగితం. నువ్వు కొట్టిన తప్పు కాదు, వాడు రాసిన తప్పు. ఇరవయ్యో గడి తప్పు, ఇరవై రెండో గడి తప్పు. తెలిసి ఎలా పంపుతాను?"

"నువ్వే అంటివి, ఎవరిదో పరువు వీధిలో పెట్టేది ఎందుకని."

"తప్పు నీదైతే అన్నాను ఆ మాట. షాహీదా, నీకు పగ తీర్చుకోవడం కూడా రాదే. వాణ్ని లెక్కలోంచి తీసేస్తావా? చచ్చినవాణ్ని ఎవరైనా ప్రశ్నలడుగుతారా? ముందు వాణ్ని బతికించు. నలుగురని కొట్టు."

"కొట్టమంటావా?"

"కొట్టు. పేరు, వయసు, ఊరు, పడవతో సహా. ఒక్కటి వదలకు. కొట్టేవా?"

"కొట్టినా. నాలుగు."

"మొత్తం ఎంత చూపిస్తోంది?"

"ఎనభై ఒక్క వేల నాలుగు వందల పన్నెండు."

"సరిపోయింది. వేణుగోపాలరావు గారి లెక్క కూడా నిలబడింది. ఇప్పుడు వెనక పేజీ. అక్కడ నువ్వేం కొట్టకు, ఖాళీగా వదిలెయ్. ఖాళీ ఎందుకుందో చీటీలో నేను రాస్తాను."

"వాళ్లింటికి పోతారా అక్కా? నిజంగానే అందర్నీ కూచోబెడతారా?"

"వాడి పెళ్లాన్ని, ఇద్దరు పిల్లల్ని, పక్కింటివాళ్లని ఇద్దర్ని. మామగారుంటే ఆయన కూడా వస్తాడు. ఆ దేశంలో బయటివాడు ఇల్లరికం ఉండాలంటే మొదటి భార్య లేదని ప్రమాణం చేసి పేరెక్కించుకోవాలి, రూల్సు పుస్తకంలో ఉంది. ఆ ప్రమాణం చేసే ఉంటాడు వీడు. అందరూ వింటారు, వాడు మధ్యలో కూర్చుంటాడు. లేచి పోడానికుండదు."

"ఆ మరియం ఏడుస్తాది."

"ఏడుస్తుంది. చీటీ చింపెయ్యమంటావా? ఇప్పుడే చెప్పు, చింపేస్తాను."

"వద్దు. ఏడవనీ. సచ్చినదాని జాగాలోకి వచ్చినా అనుకుంటా ఉండాది ఆయమ్మ. నేను బతికుండానని ఆయమ్మకు కూడా తెలియాల. నా బిడ్డ పేరు మోస్తా ఉండే ఆ బిడ్డకు కూడా తెలియాల, ఎప్పుడో ఒకనాడు. రాయి అక్కా. ఏమని రాస్తావు?"

"ఇంగ్లీషులో రాసేను. వాళ్లు వాళ్ల భాషలో చదువుకుంటారు. నీకు తెలుగులో చెప్తాను, ఎక్కడైనా తప్పుంటే చెప్పు."

"చెప్పు."

"'ఇరవయ్యో గడిలో మొదటి భార్య మరణించింది అన్నది తప్పు. ఇరవై రెండో గడిలో బతికున్న పిల్లలు సున్నా అన్నది తప్పు. పెద్ద కూతురు సనోబర్ ఎనిమిదో ఏట ఉంది, బడికి వెళ్తోంది. భార్య కూడా బతికే ఉంది. ఈ ఫారం ఎక్కించింది ఆవిడే.' సరిపోయిందా?"

"సరిపోయింది. కింద ఆ గీత ఎందుకు?"

"ఎక్కించినవాళ్ల సంతకానికి. తర్వాత నాది. ఇదిగో పెన్ను."

"తెలుగులో పెడతా అక్కా. ఆ దీవిలో అది సదవగలిగేది వాడొక్కడే."